మొదటి కోర్సే ఆఖరి కోర్సయినప్పుడు

అమెరికాలో ఏటా 12 నుంచి 16 లక్షల మంది విద్యార్థులు సైకాలజీ ప్రాథమిక కోర్సు చదువుతారని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అంచనా. వాళ్లలో గణనీయమైన భాగం కమ్యూనిటీ కాలేజీల్లో చదివేవాళ్లు. ఆ తరగతిలో ఎవరెవరు కూర్చుంటారో ఒకసారి చూడాలి. నర్సింగ్‌లో సీటుకు దరఖాస్తు పెట్టుకోవాలంటే ముందుగా పూర్తిచేయాల్సిన కోర్సుల్లో ఇదొకటి కాబట్టి చేరినవాళ్లుంటారు. రెండేళ్ల తర్వాత యూనివర్సిటీకి మారేటప్పుడు సోషల్ సైన్స్ క్రెడిట్లు లెక్కకు రావాలని చేరినవాళ్లుంటారు. హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు సంపాదించుకునే పదహారు, పదిహేడేళ్ల పిల్లలుంటారు. పగలంతా పనిచేసి, ఇంట్లో పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి సాయంత్రం క్లాసుకు వచ్చే తల్లులుంటారు. వీళ్లలో సైకాలజీనే మేజర్‌గా తీసుకుని డిగ్రీ చేసేవాళ్లు కొద్దిమందే. మిగిలినవాళ్లు జీవితంలో మళ్లీ ఈ శాస్త్రం పుస్తకం తెరవకపోవచ్చు. అయినా ఈ కోర్సును మాత్రం పై చదువులకు తొలి మెట్టుగానే రూపొందిస్తున్నారు. ఇంకా ఎన్నో కోర్సులు ముందున్నాయన్న లెక్కతో ప్రతి అంశాన్నీ తలా కాస్త చూపించి వదిలేస్తున్నారు. దీన్ని చాలామందికి ఆఖరి సైకాలజీ కోర్సుగా భావించి రూపొందించాలనీ, అలా చేయడానికి కావలసిన ఆధారాలు ఆ శాస్త్రంలోనే ఉన్నాయనీ ఈ వ్యాసం వాదన.

ఈ కాలేజీల చరిత్రలోనే ఈ చిక్కుకు మూలం ఉంది. 1901లో ఇల్లినాయ్‌లో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీ యూనివర్సిటీ చదువులోని మొదటి రెండేళ్లను ఊళ్లోనే చెప్పడానికి పుట్టింది. ట్రూమన్ అధ్యక్షుడు వేసిన ఉన్నత విద్యా కమిషన్ 1947లో ‘కమ్యూనిటీ కాలేజీ’ అన్న పేరును వ్యాప్తిలోకి తెచ్చి, ప్రతి ప్రాంతంలోనూ అందరికీ తలుపులు తెరిచే కాలేజీలు రావాలంది. ఇవాళ అలాంటివి దాదాపు వెయ్యి ఉన్నాయి. ఒక్క కాలిఫోర్నియాలోనే 116. యూనివర్సిటీ మొదటి రెండేళ్లకు ప్రతిబింబంగా ఉండాలన్న పాత ఆశయం, వచ్చిన ప్రతివాళ్లకూ ఉపయోగపడాలన్న కొత్త ఆశయం ఒకే సిలబస్‌లో కలిసిపోయాయి. పెద్ద ఆశలతో వచ్చినవాళ్లను ఈ కాలేజీలు మెల్లగా చల్లబరిచి చిన్న లక్ష్యాలకు సర్దుబాటు చేస్తున్నాయని బర్టన్ క్లార్క్ 1960లోనే రాశాడు. స్టీవెన్ బ్రింట్, జెరోమ్ కారబెల్ 1989లో అదే మాటను మరింత కటువుగా అన్నారు. ఇటీవలి లెక్కలు వాళ్ల ఆందోళనను కొట్టిపారేయనివ్వవు. చేరేటప్పుడు నూటికి ఎనభై మంది బ్యాచిలర్స్ డిగ్రీ చేస్తామంటారు. మూడో వంతు మందే యూనివర్సిటీకి మారుతున్నారు. ఆరేళ్లలో డిగ్రీ చేతికొచ్చేది నూటికి పదహారు మందికి. ఈ అంకె మారాలి, మార్చడానికి అన్ని ప్రయత్నాలూ జరగాలి. కానీ మారేదాకా, యూనివర్సిటీకి చేరుకోని ఎక్కువ మందికి ఈ కోర్సులో ఏం దక్కుతోందన్న ప్రశ్నను వాయిదా వేయడం న్యాయం కాదు.

తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో 1990 చట్టంతో మొదలైన రన్నింగ్ స్టార్ట్ పథకం కింద పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు ట్యూషన్ ఫీజు లేకుండా కమ్యూనిటీ కాలేజీలో చదువుకోవచ్చు. సియాటిల్ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్‌మండ్, బాతెల్ ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో ఈ పథకం పేరు తెలియని ఇల్లు అరుదు. ఆ పిల్లల్లో చాలామంది ఇంజనీరింగ్ వైపో కంప్యూటర్ల వైపో వెళ్లేవాళ్లే. సోషల్ సైన్స్ క్రెడిట్ల కోసం తీసుకున్న ‘సైకాలజీ 100’తోనే మనసు గురించిన వాళ్ల శాస్త్రీయమైన చదువు ముగుస్తుంది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సైకాలజీ ఎక్కువమందికి ఎదురయ్యేది ఉపాధ్యాయ అర్హత పరీక్ష అయిన టెట్‌లో. శిశు వికాసం, పెడగాజీ విభాగానికి 30 మార్కులు. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, పియాజే దశలు, కోల్‌బర్గ్ స్థాయిలు వరసగా బట్టీపట్టి, పరీక్ష హాల్లో దింపేసి రావడం లక్షల మందికి అలవాటైన పని. ఎవరు ఏం చెప్పారన్నది నోటికి వస్తుంది. వాళ్లు చెప్పింది నిజమని ఎలా తేల్చారు, తర్వాత ఎవరైనా సరిచూశారా అన్న ప్రశ్న రాదు. కమ్యూనిటీ కాలేజీ కోర్సులో లోపం కూడా ఈ జాతిదే, మోతాదులోనే తేడా.

పాఠ్యపుస్తకమే దానికి సాక్ష్యం. రైస్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌స్టాక్స్ 2014లో ఉచితంగా విడుదల చేసిన సైకాలజీ పుస్తకం ఈ కాలేజీలకు నిజంగా వరం. అంతకుముందు ఒక్క పుస్తకానికే వంద డాలర్లు దాటి పెట్టాల్సి వచ్చేది. ఆ డబ్బు లేక పుస్తకం లేకుండానే సెమిస్టర్ లాగించినవాళ్లకు ఇది తీర్చిన బాధ చిన్నది కాదు. కానీ అందులోనూ పదహారు అధ్యాయాలున్నాయి. మెదడు నిర్మాణం, నిద్ర, ఇంద్రియాలు, అభ్యసనం, జ్ఞాపకం, బాల్యం నుంచి వృద్ధాప్యం, వ్యక్తిత్వం, సామాజిక ప్రభావాలు, ఉద్యోగ జీవితం, ఒత్తిడి, మానసిక రుగ్మతలు, చికిత్స… వాషింగ్టన్ కాలేజీల్లో క్వార్టర్ అంటే పది, పదకొండు వారాలు. వారానికి ఒకటిన్నర అధ్యాయం. పరిశోధనా పద్ధతులు రెండో అధ్యాయంలో ఒకసారి వచ్చి, మొదటి పరీక్షలో నాలుగు ప్రశ్నలై, ఆ తర్వాత మళ్లీ కనిపించవు.

ఇలా పరిగెత్తడం వల్ల ఏం పోతుందో మిల్‌గ్రామ్ ప్రయోగాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ జరిపి 1963లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 40 మంది పురుషులు పాల్గొన్నారు. పక్కగదిలో ఉన్న మనిషి తప్పు చెప్పినప్పుడల్లా స్విచ్చి నొక్కి షాక్ ఇవ్వమన్నారు. నిజానికి షాక్ లేదు. 26 మంది చివరి స్విచ్చి దాకా, అంటే 450 వోల్టుల దాకా వెళ్లారు. నూటికి 65. పాఠం సాధారణంగా ఇక్కడ ఆగుతుంది. అధికారంలో ఉన్నవాడు చెబితే మనుషులు దేనికైనా ఒడిగడతారన్న ముక్కను విద్యార్థి నోట్సులో రాసుకుంటాడు. కానీ మిల్‌గ్రామ్ ఒక్క ప్రయోగంతో ఆగలేదు, ఇరవైకి పైగా రకాలు చేసి చూశాడు. ప్రయోగకర్త గదిలో లేకుండా ఫోనులో ఆదేశాలిస్తే చివరిదాకా వెళ్లినవాళ్లు ఐదో వంతుకు పడిపోయారు. పక్కన కూర్చున్న ఇద్దరు తోటివాళ్లు మధ్యలో ‘మేం చేయం’ అని లేచిపోతే నూటికి పది మందే కొనసాగారు. ఇద్దరు ప్రయోగకర్తలు ఎదురెదురు ఆదేశాలిస్తే ఒక్కరూ చివరిదాకా వెళ్లలేదు. ఈ నాలుగు అంకెల్ని పక్కపక్కన రాసి చూపిస్తే పాఠమే మారిపోతుంది. మనిషి స్వభావం గురించిన తీర్పు కాస్తా పరిస్థితిలో ఏది మారితే విధేయత తగ్గుతుందన్న పరిశోధనగా కనిపిస్తుంది. ఆసుపత్రి వార్డులో పెద్ద డాక్టరు రాసిన మోతాదు తప్పని అనుమానం వచ్చిన నర్సుకు మొదటి పాఠం ఏమీ ఇవ్వదు. పక్కనున్న ఇంకో నర్సు నోరు విప్పితే తనకూ ధైర్యం వస్తుందని, తాను విప్పితే ఇంకొకరికి వస్తుందని రెండోది చెబుతుంది. ఆ పట్టిక చూపించడానికి ఒక గంట చాలు. ఇవ్వనిది పదహారు అధ్యాయాల పరుగే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. న్యూయార్క్‌లో 1964లో కిట్టీ జెనోవీస్ హత్యను 38 మంది కిటికీల్లోంచి చూస్తూ ఊరుకున్నారన్న కథ దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. ఆ సంఖ్యకు ఆధారం లేదని రేచెల్ మానింగ్, ఆమె సహచరులు 2007లో చూపించారు. ఆ కథను అచ్చేసిన న్యూయార్క్ టైమ్స్ కూడా 2016లో తన నాటి వార్తలో లోపాలున్నాయని రాసింది. ఫిలిప్ జింబార్డో 1971లో చేసిన స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగంలో కాపలాదారులకు ఎలా ప్రవర్తించాలో ముందే సూచనలు అందాయని తిబో లె టెక్సియే ఆర్కైవులు తిరగేసి బయటపెట్టాడు. పేరున్న పరిశోధనలపై వచ్చిన విమర్శలు ప్రాథమిక పుస్తకాల్లోకి ఎంత ఆలస్యంగా చేరుతున్నాయో రిచర్డ్ గ్రిగ్స్ వరస అధ్యయనాల్లో లెక్కగట్టాడు. 2015లో ఓపెన్ సైన్స్ కొలాబరేషన్ వంద అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, గణాంకాలపరంగా నిలబడ్డవి దాదాపు మూడో వంతు. ఇవన్నీ చెబితే విద్యార్థికి ఈ శాస్త్రం మీదే నమ్మకం పోతుందని కొందరు అధ్యాపకులు భయపడతారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ దానికి లొంగిపోకూడదు. తప్పు ఎలా దొరికిందో చెప్పకుండా తప్పుందని మాత్రమే చెబితే నమ్మకం పోతుంది. జెనోవీస్ కథ కూలిపోయినా, ఆ కథ విని మనోవిజ్ఞానవేత్తలు లాటనే, డార్లీ 1968లో సాక్షుల ప్రవర్తన మీద ప్రయోగశాలలో చేసిన పరిశీలనలకు వేరే బలం ఉందని, ఆ రెండిటినీ విడదీసి చూడాలని నేర్పితే అనుమానం విచక్షణగా మారుతుంది. ఫోనులో వచ్చే ప్రతి ఆరోగ్య చిట్కాను, వ్యక్తిత్వ పరీక్షను తూచి చూడాల్సిన మనిషికి కావలసింది ఆ విచక్షణే.

ఈ కోర్సు విద్యార్థికి ఇవ్వగల మరో మేలు, ఎలా చదవాలో చెప్పడం. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్‌పికీ 2006లో కాలేజీ విద్యార్థులకు సూర్యుడి గురించి, సముద్రపు ఆటర్ల గురించి చిన్న వ్యాసాలు ఇచ్చారు. కొందరు రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి పుస్తకం మూసి గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: నూటికి 81, రెండో జట్టుకు 75. వారం తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లకు 42 మిగిలింది, గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 56. చదువుకునే పద్ధతులు పదింటిని 2013లో జాన్ డన్లాస్కీ బృందం తూచి చూసినప్పుడు, తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పరుచుకోవడం అగ్రస్థానంలో నిలిచాయి. విద్యార్థులు అన్నిటికంటే ఎక్కువగా నమ్ముకునే హైలైటర్, తిరిగి చదవడం అడుగున ఉన్నాయి. పుస్తకంలో ఇవి జ్ఞాపకం మీద అధ్యాయంలో వస్తాయి. అప్పటికి సెమిస్టర్ సగం గడిచి, మొదటి పరీక్షలో దెబ్బతిన్నవాళ్లు కోర్సు వదిలేసి ఉంటారు. అదే మొదటి వారంలో చెప్పి, ప్రతి క్లాసులోనూ చేయిస్తే? టెక్సాస్ యూనివర్సిటీ ఆస్టిన్ క్యాంపస్‌లో జేమ్స్ పెన్నెబేకర్ బృందం అదే చేసింది. 901 మంది ఉన్న ప్రాథమిక సైకాలజీ తరగతిలో పెద్ద పరీక్షలు తీసేసి, ప్రతి క్లాసూ చిన్న క్విజ్‌తో మొదలుపెట్టి, తప్పొప్పులు అక్కడికక్కడే చూపించారు. మార్కులు పెరిగాయి. ఆర్థికంగా దిగువన, ఎగువన ఉన్న కుటుంబాల విద్యార్థుల మధ్య అంతరం సగానికి తగ్గింది. అంతరం తగ్గడం ఎవరికి అన్నిటికన్నా అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

కానీ ఆ అధ్యయనం జరిగింది పరిశోధనా విశ్వవిద్యాలయంలో. ఈ సాహిత్యమంతటా కనిపించే లోటు ఇదే. సైకాలజీ పత్రికల్లో వచ్చే అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లను జెఫ్రీ ఆర్నెట్ 2008లో లెక్కగడితే నూటికి 96 మంది పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లే. వ్యక్తిత్వం, సామాజిక మనోవిజ్ఞానం మీది ప్రముఖ పత్రికలో అమెరికన్ నమూనాలు మూడింట రెండు వంతులు కేవలం సైకాలజీ కోర్సుల విద్యార్థులతోనే నిండాయి. వాళ్లు ప్రధానంగా యూనివర్సిటీల్లో కోర్సు మార్కుల కోసం ప్రయోగాల్లో కూర్చునే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు. రాత్రి డ్యూటీ చేసి వచ్చే, రెండో భాషలో చదివే, నలభై ఏళ్లకు మళ్లీ పుస్తకం పట్టిన కమ్యూనిటీ కాలేజీ విద్యార్థి ఆ ప్రయోగశాలలోకి అడుగు పెట్టడు. జోసెఫ్ హెన్రిక్ బృందం 2010లో ఈ ఇరుకైన నమూనాను ప్రపంచం ముందు ఎండగట్టినప్పుడు చర్చ దేశాల మధ్య తేడాల మీదికి పోయింది. ఒకే దేశంలో, ఒకే ఊళ్లో రెండు కాలేజీల మధ్య ఉన్న తేడా దాదాపు మరుగున పడింది. కమ్యూనిటీ కాలేజీ తరగతిలోని వలస కుటుంబాల విద్యార్థులకు ఈ సంగతి చెప్పి, ‘ఈ ఫలితం మీ ఇంట్లోవాళ్లకు వర్తిస్తుందా, ఎలా తేలుస్తారు?’ అని అడగడం పరిశోధనా పద్ధతుల మీద చెప్పగల మంచి పాఠాల్లో ఒకటి.

వృత్తి సంఘం ఈ దిశగా కదలకపోలేదు. 2014లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కార్యబృందం ఒకటి కోర్సును అయిదు స్తంభాలుగా విభజించింది: జీవసంబంధమైనవి, జ్ఞానసంబంధమైనవి, వికాసం, సామాజిక–వ్యక్తిత్వ అంశాలు, శారీరక–మానసిక ఆరోగ్యం. వాటన్నిటి కింద పునాదిగా పరిశోధనా పద్ధతులు. ప్రతి స్తంభం నుంచీ కనీసం రెండు అంశాలు లోతుగా చెబితే చాలునని రీగన్ గురుంగ్, సహరచయితలు 2016లో ఈ నమూనాను విస్తరించి రాశారు. మనోవిజ్ఞానాన్ని నిపుణుల చేతుల్లోంచి జనం చేతుల్లోకి ఇచ్చేయాలని జార్జ్ మిల్లర్ 1969లోనే అసోసియేషన్ అధ్యక్షుడి హోదాలో కోరాడు. అది ఎక్కడైనా జరగగలిగితే, ఎవరినీ వెనక్కి పంపని ఈ కాలేజీల్లోనే జరగాలి.

అభ్యంతరాలు గట్టివే. అధ్యాయాలు తగ్గిస్తే యూనివర్సిటీలు ఆ క్రెడిట్లను ఒప్పుకోవన్నది అందరూ ముందుగా చెప్పే మాట. కాలిఫోర్నియాలో 2021 చట్టం ప్రకారం అన్ని కమ్యూనిటీ కాలేజీలకూ ఒకే కోర్సు సంఖ్యలు, ఒకే కోర్సు నమూనా తెచ్చినప్పుడు, 2025లో అమల్లోకి వచ్చిన మొదటి విడత ఆరు కోర్సుల్లో ప్రాథమిక సైకాలజీ ఉంది. విద్యార్థి కష్టపడి తెచ్చుకున్న క్రెడిట్ కొత్త చోట చెల్లకుండా పోవడం ఘోరం. దాన్ని ఆపే ఏ ఏర్పాటైనా ఆహ్వానించాల్సిందే. కానీ ఉమ్మడి నమూనా ఏయే రంగాలు ఉండాలో చెబుతుంది తప్ప, ప్రతి రంగంలో ఎన్ని పేజీలు పరిగెత్తాలో చెప్పదు. స్తంభానికి రెండు అంశాల పద్ధతిలోనూ రంగాలన్నీ ఉంటాయి. నర్సింగ్‌కు విషయ పరిజ్ఞానం కావాలి కదా అన్నదానికి జవాబు మిల్‌గ్రామ్ పట్టికలోనే ఉంది. ఆ విద్యార్థులకు జీవిత దశలు, మానసిక ఆరోగ్యం ఇంకా లోతుగా కావాలి. కంటి రెటీనా పొరల పేర్లు ఎలాగూ అనాటమీ కోర్సులో వస్తాయి.

కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులు సిద్ధంగా రారనీ, గణాంకాలంటేనే బెదిరిపోతారనీ, వాళ్లకు పరిశోధనా పద్ధతులు బరువనీ అనేవాళ్లున్నారు. ఇలాంటి మాటే గణితం విషయంలో చాలా ఏళ్లు చెల్లింది. కాలిఫోర్నియా 2017 చట్టం తర్వాత విద్యార్థులను పునాది కోర్సుల్లో ఆపేయకుండా నేరుగా కాలేజీ స్థాయి గణితంలోకి పంపినప్పుడు, దాన్ని పూర్తిచేసినవాళ్ల సంఖ్య తగ్గలేదు, బాగా పెరిగింది. పైగా పద్ధతులంటే సూత్రాలు కావు. ఎవరిని అడిగారు, ఎవరితో పోల్చారు, వేరే కారణం ఉండొచ్చా అన్న ప్రశ్నలు. పిల్లల్ని పెంచినవాళ్లకు, దుకాణం నడిపినవాళ్లకు ఈ ప్రశ్నలు పద్దెనిమిదేళ్ల కుర్రాడికంటే తొందరగా పట్టుబడతాయి. అపోహల సంగతీ అంతే. మెదడులో పదో వంతే వాడతామన్న నమ్మకంతో వచ్చిన విద్యార్థికి సరైన సమాచారం చెప్పి ఊరుకుంటే రెండూ పక్కపక్కనే ఉండిపోతాయి. అపోహను ఎదుట పెట్టి, అదెందుకు తప్పో ఆధారంతో చూపించినప్పుడే ఎక్కువగా సడలుతుందని పాట్రిషియా కొవాల్‌స్కీ, ఆనెట్ టేలర్ 2009లో తరగతిలోనే పరీక్షించి తేల్చారు.

తేలిగ్గా జవాబు దొరకని అభ్యంతరం ఒకటుంది. ఇదంతా ఎవరు చేయాలి? ఈ కాలేజీల అధ్యాపకుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది పార్ట్‌టైమ్. కోర్సుకు ఇంతని డబ్బు పుచ్చుకుని, రెండు మూడు కాలేజీల మధ్య కారులో తిరుగుతూ, వచ్చే సెమిస్టర్‌లో క్లాసు ఉంటుందో లేదో తెలియకుండా పాఠం చెప్పేవాళ్లు. పుస్తకంతో పాటు ప్రచురణకర్త ఇచ్చే స్లైడ్లు, ప్రశ్నల నిధి వాళ్లకు బద్ధకంతో పట్టుకున్న ఆసరా కాదు, బతుకు సాగే మార్గం. దానికి ఆన్‌లైన్ తోడైంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 40,000 మందికి పైగా విద్యార్థుల దాదాపు అయిదు లక్షల కోర్సు నమోదులను డీ షూ, షానా జాగర్స్ పరిశీలిస్తే, ఆన్‌లైన్ తరగతుల్లో మధ్యలో మానేయడం ఎక్కువగా, మార్కులు తక్కువగా తేలాయి. వెనుకబడినవాళ్లు మరింత వెనుకబడ్డారు. ఉద్యోగం చేసే తల్లికి ఆన్‌లైన్ తప్ప వేరే దారి లేకపోవచ్చు కాబట్టి దాన్ని మూసేయమనలేం. కానీ అక్కడ వారానికొక అధ్యాయం, చివర్లో బహుళైచ్ఛిక ప్రశ్నలు అన్న నమూనా పూర్తిగా విఫలమవుతోందని ఒప్పుకోవాలి.

కాబట్టి కోర్సు సంస్కరణ అంటే ముందుగా అధ్యాపకుడి సమయానికి డబ్బు పెట్టడం. ఇందుకు పెద్ద పథకాలు అక్కర్లేదు. ఒక కాలేజీలో ఈ కోర్సు చెప్పే పార్ట్‌టైమ్ అధ్యాపకులందరికీ వేసవిలో రెండు వారాల జీతమిచ్చి కూర్చోబెడితే, స్తంభానికి రెండు చొప్పున పది అంశాలు ఎంచుకుని, ప్రతిదానికీ ఒక నిజమైన దత్తాంశ పట్టిక, క్లాసు మొదట్లో ఇచ్చే చిన్న క్విజ్‌లు, ఆన్‌లైన్ తరగతికి పనికొచ్చే చర్చా ప్రశ్నలు సిద్ధం చేసుకోగలరు. పుస్తకం విషయంలో ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఓపెన్‌స్టాక్స్ సైకాలజీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వస్తోంది కాబట్టి అధ్యాయాల వరస మార్చుకోవచ్చు, జ్ఞాపకం మీది భాగాన్ని మొదటి వారానికి తేవచ్చు, మిల్‌గ్రామ్ భాగాన్ని తిరగరాసి మిగతా ప్రయోగాల అంకెలు చేర్చవచ్చు. అలా తయారైనదాన్ని పక్క కాలేజీ తీసుకుని తన విద్యార్థులకు తగ్గట్టు మళ్లీ దిద్దుకోవచ్చు.